ఒప్పందాల ఊరు: లేక్‌వుడ్ పురపాలన, ప్రజాజీవనం

పురపాలక సంఘం అనగానే మనకు గుర్తుకు వచ్చేవి పారిశుద్ధ్య సిబ్బంది, నీళ్ళ ట్యాంకు, వీధి దీపాలు, ఇంటిపన్ను రశీదు. ఇటువంటి యంత్రాంగం దాదాపు ఏదీ సొంతంగా లేకుండానే నగర హోదా పొందిన ఊరు ఒకటి ఉంది. అది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలస్ మహానగర శివారున ఉన్న లేక్‌వుడ్. 1954లో నగరంగా ఏర్పడిన నాడు దానికి సొంత పోలీసులు లేరు, సొంత అగ్నిమాపక దళం లేదు, రోడ్లు వేసే ఇంజనీరింగు విభాగం లేదు. జనాభా మాత్రం డెబ్బై వేలకు పైమాటే. సేవలన్నీ ఇతరుల చేత చేయించుకునే ఊరికి సొంతమని చెప్పుకోవడానికి ఇంకా ఏమి మిగులుతుంది అన్నదే ఈ వ్యాసంలో మనం పరిశీలించే ప్రశ్న.

పొలాలలో మొలచిన ఇళ్ళు

ఆ నేలలో మొదట చక్కెర దుంప, తరువాత చిక్కుడు జాతి పంటలు పండేవి. 1930వ దశకంలో ఒక మూల కొన్ని ఇళ్ళు వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పక్కనే ఉన్న లాంగ్ బీచ్ నగరంలో డగ్లస్ విమాన కర్మాగారం పని ప్రారంభించడంతో పరిస్థితి మారింది. ఈసీఐఎల్ వల్ల కాప్రా, బీహెచ్‌ఈఎల్ వల్ల రామచంద్రాపురం పెరిగిన తీరు తెలిసిన విద్యార్థులకు దీనిని వివరించనవసరం లేదు. అయితే ఒక తేడా ఉంది. మన శివారు ఊళ్ళలో పాత గ్రామం, గ్రామదేవత గుడి, చెరువు ముందే ఉండేవి. కాలనీలు వాటి చుట్టూ లేచాయి. లేక్‌వుడ్‌లో ఎక్కువ భాగం ఖాళీ పొలమే.

లూయీ బోయర్, మార్క్ టేపర్, బెన్ వైన్‌గార్ట్ అనే ముగ్గురు వ్యాపారులు సుమారు 3,500 ఎకరాలు కొని, 1950 నుంచి మూడేళ్ళ లోపే 17,500 ఇళ్ళు కట్టించారు. కర్మాగారంలో యంత్రం ముందు కూలీలు నిలబడి ఉంటే వస్తువు కదులుతూ పోతుంది. ఇక్కడ ఇళ్ళు కదలలేదు, కూలీల జట్లు కదిలాయి. పునాది తవ్వే జట్టు ఒక వీధి ముగించి పక్క వీధికి వెళ్ళగానే గోడల చట్రం ఎత్తే జట్టు వచ్చేది. పని ఉధృతంగా సాగిన రోజుల్లో దినానికి యాభై ఇళ్ళు పూర్తయ్యేవి. 1950 మట్టల ఆదివారం నాడు అమ్మకాలు మొదలు పెడితే సుమారు 25,000 మంది వచ్చారు. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు 1944 నాటి చట్టం కింద ప్రభుత్వ హామీతో రుణాలు దొరికేవి. ముందస్తుగా పెద్ద మొత్తం చెల్లించనవసరం లేకుండా, నెలకు యాభై డాలర్లకు అటూ ఇటుగా వాయిదాలతో కార్మిక కుటుంబం ఇంటి యజమాని కాగలిగింది. భారీ అంగడి సముదాయం, దాని ముందు వేలాది కార్లు నిలిపే స్థలం కూడా ఆ పథకంలో భాగమే. ఈ అంగడి సముదాయాన్ని గుర్తుంచుకోండి. తరువాతి కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

లాంగ్ బీచ్ విలీన యత్నం

ఇళ్ళు కట్టినవారు నగరాన్ని కట్టలేదు. ఆ ప్రాంతం నేరుగా లాస్ ఏంజెలస్ కౌంటీ పాలనలో ఉండేది. కౌంటీని మన జిల్లాతో పోల్చవచ్చు గాని, దానిని నడిపేది కలెక్టరు కాదు. ఎన్నికైన సూపర్‌వైజర్ల మండలి. పోలీసు విధులు నిర్వహించే షెరీఫ్‌ను కూడా కౌంటీ ఓటర్లే వేరుగా ఎన్నుకుంటారు.

పొరుగున ఉన్న లాంగ్ బీచ్ కొత్త ఊరిని తనలో కలుపుకోవాలనుకుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం జనావాసాన్ని కలుపుకోవాలంటే అక్కడి ఓటర్ల సమ్మతి కావాలి. అందుచేత లాంగ్ బీచ్ ఒక ఉపాయం పన్నింది. లేక్‌వుడ్ ప్రాంతాన్ని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు వేరుగా ఎన్నిక కోరింది. కొన్ని ముక్కలు కలిసిపోయాయి కూడా. లేక్‌వుడ్ విలేజ్ అనే పాత పేట పేరులో లేక్‌వుడ్ ఉన్నా ఈనాటికీ లాంగ్ బీచ్‌లోనే ఉంది. ఈ రెండు నగరాల సరిహద్దు పటంలో వంకరటింకరగా కనిపించడానికి కారణం కొండలు, వాగులు కావు; ఈ ఎన్నికలే.

విలీనాన్ని వ్యతిరేకించిన వారిలో కొత్తగా ఇల్లు కొనుక్కున్నవారు, అంగడి సముదాయం యజమానులు ఇద్దరూ ఉన్నారు. ఇద్దరి కారణాలు ఒకటి కావు. ఇంటివారికి తమ మాట పెద్ద నగరంలో వినబడదన్న భయం. యజమానులకు తమ వ్యాపారం మీద పన్నులు, నిబంధనలు ఎవరి చేతిలో ఉండాలన్న లెక్క. ప్రజా ఉద్యమాలను చదివేటప్పుడు విద్యార్థులు ఈ రెండు ప్రయోజనాలనూ విడదీసి చూడాలి. ఊరి ఉద్యమంలో ఊరి జనం నిజంగానే ఉన్నారు, సొమ్ము వెచ్చించినవారూ ఉన్నారు.

చిక్కల్లా ఖర్చు దగ్గరే వచ్చింది. నగరమైతే పోలీసు స్టేషన్లు కట్టాలి, జీతాలు ఇవ్వాలి. అందుకు ఆస్తి పన్ను వేయాలి. వాయిదాలు కడుతున్న కుటుంబాలు ఆ మాట వింటే ఓటు వేయవు. న్యాయవాది జాన్ టాడ్, ఆయన సహచరులు ప్రజల ముందు పెట్టిన మార్గం వేరు. కౌంటీ ఇప్పటివరకు చేస్తున్న పనులను ఇకపైనా చేస్తుంది. కాకపోతే ఇకమీదట నగరం ఒప్పందం రాసుకుని రుసుము చెల్లిస్తుంది. కౌంటీ కూడా సంతోషంగా అంగీకరించింది. లేక్‌వుడ్ లాంగ్ బీచ్‌లో కలిస్తే అక్కడి కౌంటీ ఉద్యోగులకు పని తగ్గిపోతుంది కదా! 1954 మార్చి 9న ఓటింగు జరిగింది. ఓటు వేసిన ప్రతి అయిదుగురిలో సుమారు ముగ్గురు సొంత నగరం కావాలన్నారు. ఏప్రిల్ 16న నగరం ఏర్పడింది. ఏంజెలో యాకోబోనీ మొదటి మేయరు అయ్యారు. టాడ్ నగర న్యాయవాదిగా 50 ఏళ్ళు కొనసాగారు.

లేక్‌వుడ్ ప్రణాళిక

చరిత్రకారులు ‘లేక్‌వుడ్ ప్రణాళిక’ అని పిలిచే ఏర్పాటు ఇదే. ఇందులో రెండు రకాల పనులున్నాయి. గస్తీ, భవన తనిఖీ, రోడ్ల మరమ్మతు వంటివి ఒప్పందం కింద కౌంటీ చేసేది. అగ్నిమాపకం, గ్రంథాలయం వంటివి కౌంటీ పరిధిలోని ప్రత్యేక జిల్లాల కింద నడిచేవి. వాటికి పన్ను వేరుగా పోయేది. నగర కార్యాలయంలో తొలి ఏళ్ళలో ఉద్యోగులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఊరి నడిబొడ్డున ఉన్న గ్రంథాలయానికి మొదటి మేయరు యాకోబోనీ పేరు పెట్టారు, అయినా ఆ గ్రంథాలయం కౌంటీదే!

పరీక్ష కోసం చదివే విద్యార్థులు 1954ను గుర్తు పెట్టుకుంటారు. నేనైతే 1956ను కూడా గుర్తు పెట్టుకోమంటాను. బ్రాడ్లీ-బర్న్స్ చట్టం ఆ ఏడాది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం అమ్మకపు పన్నులో 1 శాతం, ఆ అమ్మకం ఏ నగరంలో జరిగితే ఆ నగరానికే చేరుతుంది. కొనేవారు ఎక్కడివారైనా సరే. అంటే లోపల ఒక పెద్ద అంగడి సముదాయం ఉన్న చిన్న నగరం, పొరుగూరివారి కొనుగోళ్ళతో తన ఖర్చు వెళ్ళదీసుకోవచ్చు. ఈ సూత్రం తెలిశాక లాస్ ఏంజెలస్ కౌంటీలో కొత్త నగరాలు వరుసగా పుట్టుకొచ్చాయి. పాడి రైతులు తమ పశువుల కొట్టాలను కాపాడుకోవడానికి 1956లో డైరీ వ్యాలీ అనే నగరాన్ని ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ మనుషులకన్నా ఆవులు ఎన్నో రెట్లు ఎక్కువ. అదే ఇప్పటి సెరిటోస్. దక్షిణ కాలిఫోర్నియా తెలుగువారు పచ్చళ్ళకు, పండుగ సరుకులకు వెళ్ళే ఆర్టీసియా కూడా 1959లో ఇదే పద్ధతిలో నగరమైంది. అన్నిటికన్నా విడ్డూరం 1957లో పుట్టిన ‘సిటీ ఆఫ్ ఇండస్ట్రీ’. నగర హోదాకు కావలసిన 500 జనాభా చాలక, ఒక మానసిక చికిత్సాలయంలోని రోగులను కూడా లెక్కలో కలిపారు. కర్మాగారాల పన్ను కర్మాగారాల వద్దే ఉండాలన్నది అక్కడి లక్ష్యం. స్వపరిపాలన అన్న మాటకు అంతకన్నా పెద్ద అవమానం నాకు తెలిసినంతలో లేదు. ఇటువంటి ధోరణులను అదుపు చేయడానికే 1963లో రాష్ట్రం, కొత్త నగరాల ప్రతిపాదనలను పరిశీలించే సంఘాన్ని కౌంటీకొకటి చొప్పున ఏర్పాటు చేసింది.

ఒప్పందం వల్ల నగరం చేతులు కట్టేసుకున్నట్టేనా? అలా అనలేం. 1966లో షెరీఫ్ శాఖ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన హెలికాప్టర్ గస్తీకి లేక్‌వుడ్‌నే వేదిక చేసుకున్నారు. ‘స్కై నైట్’ అనే ఆ కార్యక్రమం అమెరికా పోలీసు చరిత్రలో మార్గదర్శకం. ఇక షెరీఫ్‌ను తొలగించే అధికారం నగరానికి లేకపోయినా, ఏటా ఎంత గస్తీ కొనాలో నిర్ణయించే అధికారం ఉంది. ఆ ధర ఎంత అన్నదానిపై మాత్రం పెద్ద పేచీ నడిచింది. షెరీఫ్ శాఖ అసలు ఖర్చుకన్నా తక్కువకే ఒప్పంద నగరాలకు గస్తీ ఇస్తున్నారని, ఆ తేడాను తాము మోస్తున్నామని సొంత పోలీసులున్న పాత నగరాలు ఆరోపించాయి. 1973లో రాష్ట్ర శాసనసభ ఒప్పంద నగరాల పక్షమే వహించి, కౌంటీ సాధారణ పరిపాలన వ్యయాన్ని వాటి మీద వేయరాదన్నది. ఆ చట్టాన్ని తెచ్చిన జో గొన్సాల్వెస్ ఒకప్పుడు డైరీ వ్యాలీ మేయరు.

ఒప్పందానికి ఇవ్వనివి

ఇంతకూ ఈ ఊరు తనంతట తాను ఏమి చేసుకుంది? ఉద్యానవనాలు, ఆటలు, ఉత్సవాలు. పోలీసులను అద్దెకు తెచ్చుకున్న నగరం పిల్లల ఆటలను మాత్రం తన సొంత సిబ్బంది చేతిలో పెట్టింది. ఇళ్ళు నడిచి వెళ్ళేంత దగ్గరలో పార్కు, ఆ పార్కు పేరుతో పిల్లల జట్టు, ఆ జట్టుకు శిక్షకులుగా సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన తండ్రులు. ఒకే ఏడాది ఒకే రకం ఇళ్ళలో దిగిన పరాయివారికి ఇరుగుపొరుగు ఏర్పడింది ఈ మైదానాల్లోనే.

ఊరి పెద్ద పండుగ పాన్ అమెరికన్ ఫియెస్టా. అది నగరం కన్నా వయసులో పెద్దది. 1940వ దశకంలోనే మొదలైంది. లాటిన్ అమెరికా దేశాలతో స్నేహం పెంచుకోవాలన్న నాటి అమెరికా విదేశాంగ విధానం నీడ దాని మీద ఉంది. మధ్య, దక్షిణ అమెరికా స్వాతంత్ర్య నాయకులు బొలీవార్, సాన్ మార్టిన్, డెల్ వాయె పేర్లతో లేక్‌వుడ్‌లో పార్కులున్నాయి. డెల్ వాయె పార్కులో కొరియా యుద్ధకాలపు జెట్ విమానం ఒకటి నిలిపి ఉంది. తరతరాల పిల్లలకు ఆ పార్కు విమానం పేరుతోనే గుర్తు. ఊరి వార్తలు ఇంటింటికీ చేర్చే పనిని కూడా నగరమే చేపట్టింది. ఆ ప్రజా సమాచార విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసిన డి.జె. వాల్డీ, తన తల్లిదండ్రులు కొన్న ఇంట్లోనే ఉంటూ 1996లో ‘హోలీ ల్యాండ్’ అనే పుస్తకం ప్రచురించారు. ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రాలను చూసి జీవం లేని ఇళ్ళ వరుసలని మేధావులు ఈసడించిన ఊరిలో మనుషులు ఎలా బ్రతికారో తెలుసుకోవడానికి ఆ పుస్తకాన్ని మించిన ఆధారం లేదు.

కంచె

అయితే ఆ ఇళ్ళు అందరివీ కావు. నల్లజాతివారికి అక్కడ ఇళ్ళు అమ్మలేదు. జాతి ఆధారంగా అమ్మకాలను నిషేధించే ఒడంబడికలను న్యాయస్థానాలు అమలు చేయరాదని అమెరికా సుప్రీం కోర్టు 1948లోనే తీర్పు ఇచ్చింది. అయినా అమ్మకందారుల పద్ధతి, గృహ రుణాల నిబంధనలు కలిసి పాత పనినే కొనసాగించాయి. డగ్లస్ కర్మాగారంలో పనిచేసే నల్లజాతి కార్మికుడు ఎంత జీతం తెచ్చుకున్నా ఈ వీధులలో ఇల్లు కొనలేకపోయాడు. బొలీవార్ పేరు పెట్టుకున్న పార్కులో ఆడుకున్న తొలి తరం పిల్లలు దాదాపు అందరూ తెల్లవారే.

ఇక్కడే పండితులలో భేదాభిప్రాయం. విన్సెంట్ ఆస్ట్రమ్, చార్లెస్ టీబౌట్, రాబర్ట్ వారెన్ 1961లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, చిన్న నగరాలు అనేకం ఉండటం అరాచకం కాదని, పౌరులకు తమకు నచ్చిన సేవలను ఎంచుకునే వీలు దీనివల్ల కలుగుతుందని వాదించారు. గ్యారీ మిల్లర్ 1981లో ‘సిటీస్ బై కాంట్రాక్ట్’ గ్రంథంలో దీనిని ఖండించారు. ఆయన దృష్టిలో ఈ నగరాల అసలు ప్రయోజనం, పేదల కోసం పన్ను కట్టే బాధ్యత నుంచి తప్పుకోవడం. నా అభిప్రాయంలో మిల్లర్ వాదానికే ఆధారాలు బలంగా ఉన్నాయి. కాకపోతే ఆయన గ్రంథం చదివితే పార్కులు, ఉత్సవాలు ఉన్నట్టే అనిపించదు. ఎంచుకునే స్వేచ్ఛ నిజమే. ఆ స్వేచ్ఛ గడపలోకి అనుమతి ఉన్నవారికే దక్కింది.

తరువాతి దశాబ్దాలలో ఊరు మారింది. 2020 జనగణన నాటికి 82 వేల పైచిలుకు జనాభాలో ఏ ఒక్క వర్గానికీ ఆధిక్యం లేదు. ఊరంతా కలిసి అయిదుగురు సభ్యులను ఎన్నుకునే పాత పద్ధతి స్థానంలో 2022 నుంచి ప్రాంతాల వారీ ఎన్నికలు వచ్చాయి.

హైదరాబాద్ శివార్లతో పోలిక

2007 ఏప్రిల్ 16న హైదరాబాద్ చుట్టూ ఉన్న కాప్రా, ఉప్పల్ కలాన్, మల్కాజిగిరి, ఆల్వాల్, కూకట్‌పల్లి మొదలైన 12 పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. లేక్‌వుడ్ పుట్టిన తేదీ కూడా ఏప్రిల్ 16 కావడం యాదృచ్ఛికమే. పద్ధతిలో తేడా మాత్రం యాదృచ్ఛికం కాదు. అక్కడ విలీనం కావాలా వద్దా అని ఓటరును అడగక తప్పలేదు. మన రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం ప్రకారం పురపాలక ప్రాంతాన్ని నిర్ణయించేది గవర్నరు పేరుతో వెలువడే ప్రభుత్వ ప్రకటన. శివారు పౌరుడి ఓటుకు ఆ నిర్ణయంలో చోటు లేదు. అయితే మన పద్ధతిలో ఒక మేలు కూడా ఉంది. సంపన్న కాలనీ ఒకటి తన పన్నులతో సహా వేరుపడి, పక్క బస్తీని వదిలించుకోవడం ఇక్కడ అంత తేలిక కాదు. మరోవైపు, విలీనమైన పురపాలక సంఘాలు పెద్ద నగరంలో సర్కిళ్ళుగా మారాయి. చైర్‌పర్సన్, కౌన్సిలర్లు కూర్చుని బడ్జెటు చర్చించిన కార్యాలయంలో సర్కిల్ అధికారి కూర్చున్నారు. చెత్త తరలింపు, వీధి దీపాల నిర్వహణ వంటి పనులు మన దగ్గరా ఒప్పందాల మీదే సాగుతున్నాయి. ఆ ఒప్పందం మీద సంతకం ఎంత దూరాన జరుగుతుందన్నదే మారింది.

అభ్యాసం: మీ పురపాలక సంఘం లేదా వార్డు కార్యాలయానికి వెళ్ళి, అక్కడ జరిగే పనులలో ఏవి సొంత సిబ్బంది చేస్తున్నారో, ఏవి కాంట్రాక్టుకు ఇచ్చారో అడిగి తెలుసుకోండి. మీ పేటలో బతుకమ్మ, బోనాలు, సంక్రాంతి సంబరాలు, జాతర వంటివి జరిగే స్థలం ఎవరిదో, దానిని శుభ్రం చేయించి దీపాలు పెట్టించే నిర్ణయం ఏ స్థాయిలో జరుగుతుందో కూడా కనుక్కుని రెండు పుటలకు మించకుండా రాయండి.