చర్మమున దోచు రక్తవ్యాధి

ఆదిలాబాదు జిల్లాలోని బోథ్ చుట్టుపట్ల పల్లెలలో నొకని యొంటిమీద నొప్పిలేని గడ్డగాని, రంగుమారిన మచ్చగాని లేచినచో ఇంటివారు మొట్టమొదట శంకించునది కుష్ఠు. ఆ శంకకు కారణము లేకపోలేదు. నిర్మల్ మీదుగా హైదరాబాదునకు బోవు త్రోవలోనే డిచ్‌పల్లి యున్నది. అచ్చట వెస్లియన్ మిషను పక్షమున డాక్టర్ ఇసబెల్ కెర్ 1915 ప్రాంతమున నెలకొల్పిన కుష్ఠు వైద్యశాల, రాజా నర్సాగౌడ్ దానముతో పెరిగి, చాల్‌మోగ్రా నూనె సూదుల కాలమునుండి ఈ సీమవారికి మచ్చను జూచి జాగ్రత్తపడుట నేర్పినదనవచ్చును. అయితే లోపల ముదిరిన రక్తకేన్సరు చర్మమునకెక్కి యిట్టి గడ్డలుగానే బయటపడుటయు గలదు. అరుదైన ఈ సంగతిని వైద్యశాస్త్రము గుర్తెరిగిన తీరు వినదగినది.

1845లో ఎడిన్‌బరోయందు జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లినునందు రుడాల్ఫ్ విర్కో, ఒకరి పని నొకరెరుగకయే, చనిపోయిన రోగుల నెత్తురు తెల్లబారియుండుట గమనించిరి. బెన్నెట్ దానిని చీముగా దలచెను. విర్కో యది చీముగాదని వాదించి, 1847లో ఈ రక్తకేన్సరునకు లుకేమియా యను పేరిడెను. అటుపిమ్మట 1876లో బీసియాడెట్స్కీ, లుకేమియా గడ్డలు చర్మమునను పేగులలోను లేచుటను వర్ణించుటతో, నెత్తురు జబ్బు నెత్తుటికే పరిమితము గాదని తేటపడెను. ఆ దశకము చివర పాల్ ఎర్లిక్ రంగుటద్దకములు రాకున్నచో, తెల్లకణములలో నేది యే జాతిదో చెప్పుట సాధ్యమయ్యెడిది కాదు.

చిక్కెక్కడ వచ్చెననగా, లుకేమియా రోగి చర్మముపై దోచు ప్రతి మచ్చయు లుకేమియా కణములు చేరినదే కాదు. నెత్తురు గడ్డకట్టని లోపమున కాళ్లపై లేచు ఎర్రని చుక్కలు, అంటువ్యాధుల కురుపులు, మందులు పడక వచ్చు దద్దులు వేఱు. 1902లో ఫ్రెంచి వైద్యుడు ఆడ్రీ ‘లుకేమిడ్’ అను పేరు తెచ్చిన పిమ్మట, కణములే చొచ్చిన గడ్డలను, రోగము వలన పక్కవాటుగా వచ్చు మచ్చలను వేఱుపఱచి మాటలాడుట యలవాటయ్యెను. 1964లో ప్లిమత్ నగరపు వైద్యుడు రాబర్ట్ స్వీట్ వర్ణించిన జ్వరముతోడి బాధాకరములైన దద్దులు సైతము కొందఱి యెడ రక్తకేన్సరునకు తోడై వచ్చును. ఇంకొక విచిత్రము: 1811లోనే బర్న్స్ వర్ణింపగా, 1853లో కింగ్ ‘క్లోరోమా’ యని పేరిడిన పచ్చని గడ్డలు. వానిని కోసి చూచినప్పుడు కణములలోని యొక ఎంజైము వలన ఆకుపచ్చని చాయ కనబడి, గాలి తగిలినకొలది వెలవెలబోవును. అవియు మైలాయిడ్ జాతి రక్తకేన్సరు కణముల కూటములే.

చర్మమునుండియే బయలుదేరు లింఫోమాల, అనగా లింఫుకణముల కేన్సర్ల, కథ వేఱుదారిని నడచినది: 1806లో పారిసున అలిబర్ మైకోసిస్ ఫంగాయిడీజ్‌ను వర్ణించెను, 1938లో సెజారీ, ఒళ్లెల్ల ఎర్రబారిన రోగుల నెత్తుటిలో వంకరకేంద్రపు కణములను జూచెను. చర్మము నుండి రక్తమునకు, రక్తము నుండి చర్మమునకు నున్న దారి ఇరువైపులా నడచునదని అప్పుడు రూఢియయ్యెను.

చికిత్సయందు ముఖ్యపాత్రధారి మన తెలుగువాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సోదరుని స్ప్రూ అను పేగుల రోగము బలిగొనగా, తానును దానిబారినపడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో తేరుకొని, పిమ్మట బోస్టను చేరెను. ఆ స్ప్రూ రోగమునకు ఫోలిక్ ఆమ్లపు లేమితో సంబంధము కలదు. లెడర్లీ ప్రయోగశాలయందు ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించుటయు, దానికి శత్రువులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేయుటయు ఆ యనుభవమునకు దగ్గఱగా కనబడుట నాకు యాదృచ్ఛికముగా దోచదు. ఫోలిక్ జాతి పదార్థమిచ్చినచో లుకేమియా మఱింత చెలరేగుటను గమనించిన సిడ్నీ ఫార్బర్, విరుద్ధమైన అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ప్రయోగింపగా 10 మంది కొంతకాలము కోలుకొనిరి. 1948 జూనున వ్యాసము వెలువడెను, అదే ఆగస్టులో సుబ్బారావు మరణించెను. 1951లో గబ్నర్ అమినోప్టెరిన్‌ను కీళ్లవాతమునకిచ్చినప్పుడు సోరియాసిస్ పొలుసులు రాలుట చూచెను. ఆ పిమ్మట దాని సోదరమైన మెథోట్రెక్సేట్ చర్మవైద్యమున స్థిరపడెను. రక్తమునకు పుట్టిన మందు చర్మమునకు వైద్యమగుట ఇక్కడి వింత. అయినను లుకేమియా గడ్డలకు పైపూతలు చాలవు. మూలవ్యాధిని అణచినగాని యవి నిలుకడగా తగ్గవు.

1955లో హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేర క్యాన్సరు వైద్యశాల వెలసినది. 2008లో ఆదిలాబాదున రిమ్స్ వైద్యశాల ఏర్పడినది. బోథ్ రోగికి పరీక్ష లిప్పుడు దగ్గఱైనను, తొలిచూపు మాత్రము ఊరి వైద్యునిదే. గట్టిగా, రేగుపండు రంగుకు తిరిగి, నొప్పిలేక యున్న గడ్డను దూదితోడ తాకి స్పర్శ కలదని తేలిన మాత్రాన కుష్ఠుకాదని తేల్చరాదు. చెవితమ్మెపై చిన్నగాటు పెట్టి తీసిన రసమును (స్లిట్ స్మియర్) పరీక్షించి చూడవలెను. చిగుళ్లు వాచినవా, గుండ్రని చిన్న ఎర్రచుక్కలు గాజుపలకతో నొక్కినను మాయకున్నవా, అలసట, జ్వరము గలవా యని విచారించి, నెత్తుటి ఫిల్మును గడ్డముక్కను ఒక్కసారే పంపవలెను. నెత్తుటి ఫిల్ము మామూలుగా నున్నను ముక్క పరీక్ష మానరాదు. చర్మమున గడ్డలు కనబడిన తర్వాత నెలలకుగాని నెత్తుటిలో రోగము బయటపడని సందర్భములు కలవు.