న్యూకాసిలుకు బొగ్గు

అక్కరలేని శ్రమకు పూనుకొనువానిని చూచి ఆంగ్లేయులు "న్యూకాసిలుకు బొగ్గు మోయుచున్నాడు" అందురు. ఏ వస్తువు ఎచ్చట సమృద్ధిగా నున్నదో అచ్చటికే దానిని చేరవేయుట వ్యర్థమని భావము. దీనికి దగ్గరగా మనము "తాతకు దగ్గులు నేర్పుట" అనెదము. రెండింటను ఎత్తిపొడుపు ఒకటియే. కాని ఒక భేదము కలదు. తాతలు లేని ఊరు లేదు, దగ్గు లేని కాలము లేదు. ఆంగ్లేయుల పలుకుబడికి మాత్రము ఒక ఊరును, ఒక నదియు, అనేక తరముల కష్టజీవులును ఆధారము.

ఇంగ్లండునకు ఈశాన్యమున, టైన్ నది ఒడ్డున న్యూకాసిలు ఉన్నది. ఆ ప్రాంతపు నేలలో బొగ్గు పొరలు విస్తారము. పూర్వము నదిలో లోతు చాలక పెద్ద ఓడలు దిగువనే నిలిచెడివి. 'కీల్' అను చదునైన పడవలలో బొగ్గును తెచ్చి, పడవవాండ్రు పారలతో ఓడలలోనికి ఎత్తిపోసెడివారు. ఓడలు తూర్పుతీరము వెంబడి దానిని లండనుకు చేర్చెడివి. 1600లో మొదటి ఎలిజబెత్ రాణి ఈ వ్యాపారమును హోస్ట్‌మెన్ అను స్థానిక వర్తక సంఘమునకు గుత్తగా నిచ్చెను. 17వ శతాబ్దము నాటికే ఈ పలుకుబడి వాడుకలో నుండెను.

ఆ బొగ్గు విలువ యెంతటిదో అంతర్యుద్ధమున లండను తెలిసికొనెను. న్యూకాసిలు రాజు పక్షమున నుండుటచే, 1643లో పార్లమెంటు ఆ ఊరితో బొగ్గు వ్యాపారమును నిషేధించెను. రాజధానిలో ఇంధనము కరవై బీదలు చలికి అల్లాడిరి. 1644 అక్టోబరులో స్కాట్లండు సేన పట్టణమును పట్టుకొనిన పిదపనే ఆ కొరత తీరు దారి యేర్పడెను. అట్టి ఊరికి బొగ్గు మోయువానిని చూచి లోకము నవ్వక యేమి చేయును?

కాలము మారినది. ఇంగ్లండు ఈశాన్యమున చివరి లోతు గనియైన ఎల్లింగ్టన్ 2005లో మూతపడెను. ఒకనాడు బొగ్గును పంపిన టైన్ రేవుననే విదేశపు బొగ్గు దిగెను. ఎగతాళికి పుట్టిన మాట నిజమయ్యెను! 2024 సెప్టెంబరు 30న బ్రిటనులోని కట్టకడపటి బొగ్గు విద్యుత్కేంద్రము ఆగిపోయెను. గనులు పోయినవి, పడవవాండ్రు పోయిరి. పలుకుబడి మాత్రము నిలిచినది.

ఇది మనకు వింత కాదు. దమ్మిడీ చలామణి నుండి ఏనాడో తొలగినను, "దమ్మిడీకి కొరగాడు" అని మనమింకను అనుచునే యున్నాము. అర్థము తెలిసినంత మాత్రమున పలుకుబడి తెలిసినట్లు కాదు. దాని వెనుక ఎవరి చెమట యున్నదో తెలిసికొనినప్పుడే ఆ మాట మనదగును.