అనారోగ్య సెలవు

అనారోగ్య సెలవు అనగా జబ్బు లేదా గాయం కారణంగా పనికి రాలేని ఉద్యోగి, ఆ సంగతిని తన పై అధికారికి తెలియజేసి పొందే సెలవు. వాడుకలో దీనిని సిక్ లీవు, మెడికల్ లీవు అని కూడా అంటారు. భారతదేశంలో ఈ సెలవు అందరికీ ఒకే విధంగా లేదు. ఉద్యోగి ఏ సంస్థలో, ఏ చట్టం క్రింద పనిచేస్తున్నాడు అనే దానిని బట్టి సెలవు రోజులు, జీతం, తెలియజేయవలసిన పద్ధతి మారుతాయి. తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో ఈ తేడాలన్నీ కనిపిస్తాయి. మూడు చోట్లా ఆర్టీసీ డిపోలు, ప్రభుత్వ కార్యాలయాలు, దుకాణాలు ఉన్నాయి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. కోదాడకు దగ్గరలోని మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలున్నాయి.

పదము

తెలుగులో "సెలవు" అనే మాటకు అనుమతి, ఆజ్ఞ, వీడ్కోలు, ఖర్చు అనే అర్థాలున్నాయి. "సెలవియ్యండి" అంటే అనుమతించండి అని, చెప్పండి అని కూడా అర్థం. తమిళంలో ఇదే మాట నేటికీ ఖర్చు అనే అర్థంలో వాడుకలో ఉన్నది. పనికి రాకపోవడం అనే అర్థం ఈ అనుమతి నుండి వచ్చినదే. అందుచేత భాషను బట్టి చూచినా, సెలవు ఒకరు ఇచ్చేది, మరొకరు పుచ్చుకొనేది. జబ్బు మాత్రం ఎవరి అనుమతితోనూ రాదు. ఈ విషయంలో తలెత్తే తగాదాలకు మూలం ఇక్కడే ఉన్నది.

నల్లగొండ, సూర్యాపేట జిల్లాల వాడుకలో ఒంట్లో బాగులేదనడానికి "పానం బాగలేదు" అంటారు. పానం అనగా ప్రాణం. ఫోనులో చెప్పేటప్పుడు ఈ ఒక్క మాటతో సరిపోతుంది. కాగితం మీద మాత్రం "నమస్కరించి వ్రాయునది ఏమనగా" అని మొదలై "ఇట్లు, తమ విధేయుడు" అని ముగిసే పాత మర్యాదే చాలాచోట్ల కొనసాగుతున్నది. పాఠశాలలో నేర్చిన సెలవు చీటీయే చాలామంది ఉద్యోగులు జీవితాంతం వ్రాస్తారు.

తెలియజేయుట, దరఖాస్తు, మంజూరు

ఈ మూడూ వేర్వేరు పనులు. ఫోను చేసి రాలేనని చెప్పడం సమాచారం మాత్రమే. వ్రాతపూర్వకంగా కోరడం దరఖాస్తు. అధికారి ఒప్పుకొని నమోదు చేయడం మంజూరు. మేనేజరుకు చెప్పాను కనుక సెలవు వచ్చినట్లేనని ఉద్యోగి, మంజూరు చేయలేదు కనుక గైర్హాజరేనని అధికారి భావించినప్పుడు వివాదం పుడుతుంది. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. కనుక చిన్న సందేశమైనా వ్రాసి పంపి, దాని నకలు దాచుకొనడం ఉద్యోగికి మేలు. వైద్యుని ధ్రువపత్రంలో వ్యాధితో పాటు ఎన్ని రోజుల విశ్రాంతి అవసరమో, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకో ఉండాలి. చికిత్స ముగిశాక పాత తేదీలతో తెచ్చిన ధ్రువపత్రాలను అధికారులు అనుమానించడం సాధారణం.

ముందుగా అడగాలనే నియమం జబ్బుకు వర్తించదని చట్టం కూడా గుర్తించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికుడు జీతంతో కూడిన సెలవును 15 రోజుల ముందు వ్రాతపూర్వకంగా మేనేజరును కోరాలి. అయితే అనారోగ్య కాలానికి ఆ సెలవును వాడుకోదలచినప్పుడు, గడువులోగా దరఖాస్తు చేయకపోయినా మంజూరు చేయవలసినదేనని 79వ సెక్షను చెప్పినది. ఈ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. పాత చట్టంలో జీతంతో కూడిన వార్షిక సెలవుకు ఏడాదిలో 240 రోజుల పని అవసరం కాగా, కోడ్ దానిని 180 రోజులకు తగ్గించినది. రెండింటిలోనూ పెద్దలకు 20 రోజుల పనికి 1 రోజు సెలవు లెక్క.

ఆర్టీసీ డిపోలలో

డ్రైవరు, కండక్టర్ల సెలవు డిపో మేనేజరు చేతిలో ఉంటుంది. కార్యాలయంలో ఒక గుమాస్తా రాకపోతే ఫైలు ఒక రోజు ఆగుతుంది. డ్రైవరు రాకపోతే బస్సు ఆగుతుంది, లేదా విశ్రాంతిలో ఉన్న మరొకరిని పిలిపించాలి. ఈ కారణంగా సమాచారం ఎంత ముందుగా అందితే అంత మంచిది. జ్వరంతోనో, మత్తు కలిగించే మందు వేసుకొనో బండి నడపడం ప్రయాణికులకు ప్రమాదకరం గనుక, రాలేనని చెప్పడం ఈ ఉద్యోగంలో హక్కుతో పాటు బాధ్యత కూడా.

ఉమ్మడి రాష్ట్రంలోని ఏపీఎస్‌ఆర్‌టీసీ 1963లో రూపొందించిన ఉద్యోగుల ప్రవర్తనా నియమాల ప్రకారం అనుమతి లేని గైర్హాజరు దుష్ప్రవర్తన. దానిపై ఛార్జిషీటు, విచారణ, ఉద్యోగం నుండి తొలగింపు వరకు చర్యలు ఉండవచ్చు. ఆర్టీసీ కార్మికులకు హైదరాబాదు తార్నాకలో సంస్థ సొంత ఆసుపత్రి ఉన్నది. కోదాడ నుండి అక్కడికి వెళ్ళి రావడం జబ్బు మనిషికి చిన్న ప్రయాణం కాదు.

మిల్లులు, కర్మాగారాలు

జీతం పరిమితికి లోబడిన కార్మికులకు ప్రధాన ఆధారం ఈఎస్‌ఐ పథకం. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఈ పథకం ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రత కోడ్ పరిధిలో ఉన్నది. నెలజీతం పరిమితిని 2017 జనవరి 1 నుండి రూ.21,000 గా నిర్ణయించారు. 2019 జులై 1 నుండి చందా కార్మికుని వంతు జీతంలో 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం.

ఈఎస్‌ఐ అనారోగ్య భృతి సగటు రోజు జీతంలో 70 శాతం. ఏడాదిలో గరిష్ఠంగా 91 రోజులు లభిస్తుంది. ఉదాహరణకు రోజు జీతం రూ.500 అయితే భృతి రూ.350. మొదటి 2 రోజులకు సాధారణంగా భృతి ఉండదు. అంటే రెండు రోజుల జ్వరానికి ఈ పథకం వలన చేతికి డబ్బు రాదు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉండాలి. కొత్తగా చేరినవారికి తొమ్మిది నెలల తరువాతనే భృతి మొదలవుతుంది, వైద్యం మాత్రం ముందే అందుతుంది. క్షయ, కుష్ఠు, క్యాన్సర్ వంటి 34 దీర్ఘవ్యాధులకు, నిర్ణీత అర్హతలు ఉన్నవారికి, 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు పొడిగింపు ఉన్నది.

బస్తాల లెక్కన కూలి పొందే హమాలీల సంగతి వేరు. మిర్యాలగూడ మిల్లులలో స్థానికులతో పాటు బీహార్ నుండి వచ్చినవారు కూడా ఈ పని చేస్తారు. హమాలీ చెప్పుకొనేది మేనేజరుతో కాదు, ముఠా మేస్త్రీతో. మోయని బస్తాకు కూలి లేదు. యజమాని రిజిస్టరులో పేరు లేనివారికి పైన చెప్పిన భృతి, సెలవు కాగితం మీది మాటలే. వరి కోతల తరువాత మిల్లులు రాత్రింబవళ్ళు నడిచే రోజులలో జబ్బు పడినవాడు ఆ ఏటి ముఖ్య సంపాదన పోగొట్టుకుంటాడు. ఒళ్ళు కాలుతున్నా పనికి వచ్చేవారు ఉండటానికి కారణం ఇదే.

దుకాణాలు, ప్రభుత్వ కార్యాలయాలు

దుకాణాలు, హోటళ్ళు మొదలైన వాటిలో పనిచేసేవారికి 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తుంది. దీని ప్రకారం ఏడాదికి జబ్బు లేదా ప్రమాదం కారణంగా 12 రోజులు, ఇతర కారణాలకు మరో 12 రోజులు జీతంతో సెలవు పొందవచ్చు. ఈ సంగతి తెలిసిన గుమాస్తాలు తక్కువ.

ప్రభుత్వోద్యోగులకు 1933 నాటి సెలవు నియమాలు ఆధారం. నియమాలలో "మెడికల్ లీవు" అనే పేరుతో ప్రత్యేక సెలవు లేదు. ఏడాదికి 20 రోజుల చొప్పున అర్ధ జీతపు సెలవు జమ అవుతుంది. వైద్య ధ్రువపత్రంపై దానిని పూర్తి జీతపు సెలవుగా మార్చుకొన్నప్పుడు ఒక రోజుకు రెండు రోజులు ఖర్చు వ్రాస్తారు. తిరిగి విధులలో చేరాలంటే ఆరోగ్యం కుదుటపడినట్లు మరో ధ్రువపత్రం కావాలి.

న్యాయస్థానాల తీర్పులు

ఈఎస్‌ఐ భృతి పొందుతున్న కాలంలో కార్మికుని తొలగించరాదని 1948 చట్టం 73వ సెక్షను చెప్పినది. అయితే మద్రాసు బకింగ్‌హాం అండ్ కర్నాటిక్ మిల్లు కేసులో, 1964 నాటి లా రిపోర్టులలో ప్రచురితమైన తీర్పు దీనిని పరిమితం చేసినది. సెలవు లేకుండా ఎనిమిది పనిదినాలు రానివాడు ఉద్యోగం వదలినట్లేనన్న మిల్లు నియమానికి 73వ సెక్షను అడ్డు రాదని సుప్రీం కోర్టు తేల్చినది. డి.కె.యాదవ్ కేసులో (1993) అదే కోర్టు, ఇటువంటి నియమం ఉన్నప్పటికీ కార్మికుని వాదన వినకుండా పేరు కొట్టివేయరాదని తీర్పు చెప్పి, సగం పాత జీతంతో పనిలోకి తీసుకోమన్నది.

రవాణా కార్మికుల విషయంలో కోర్టు కఠినంగా ఉన్నది. ఢిల్లీ రవాణా సంస్థ కేసులో (2004), దరఖాస్తు పెట్టినంత మాత్రాన సెలవు మంజూరైనట్లు కాదని, దీర్ఘకాలపు గైర్హాజరు పనిపై ఆసక్తి లేకపోవడాన్ని సూచిస్తుందని అభిప్రాయపడినది. కృష్ణకాంత్ పర్మార్ కేసులో (2012) మరొక వైపు చూపినది. జబ్బు, ఆసుపత్రి వంటి తప్పని కారణాలు ఉండవచ్చు గనుక, గైర్హాజరు ఉద్దేశపూర్వకమని విచారణలో రుజువు కాకుండా దానిని దుష్ప్రవర్తనగా భావించరాదని చెప్పినది.

అనారోగ్యం తాత్కాలికం కాక శాశ్వత లోపంగా మారినప్పుడు సెలవు ప్రశ్న ఉండదు, ఉద్యోగమే ప్రశ్న అవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ సంస్థల ఉద్యోగిని తొలగించరాదని, అదే జీతంతో వేరే పోస్టు చూపాలని నిర్దేశించినది. రంగులు గుర్తించలేడని తేలడంతో తెలంగాణ ఆర్టీసీ పదవీ విరమణ చేయించిన ఒక డ్రైవరు విషయంలో, ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టు 1న సుప్రీం కోర్టు ఆదేశించినది.