పొలం అమరిక – వ్యవసాయ యంత్రాల వినియోగం

సాగు భూమి ఆకారం, మడుల కొలతలు, గట్లు, బాటలు, కాలువలు, నేల వాలు, పంట వరుసల దిశ అన్నీ కలిస్తే పొలం అమరిక అవుతుంది. ట్రాక్టరు, నాటు యంత్రం, వరి కోత యంత్రం గంటకు ఎంత పని చేస్తాయన్నది ఇంజను శక్తితో పాటు ఈ అమరిక మీద కూడా ఆధారపడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో చిన్న రైతులు చాలావరకు యంత్రాలను అద్దెకు తెచ్చుకుంటారు. గంట లెక్కన అద్దె కట్టే చోట మలుపులకు, గట్లు దాటడానికి పోయే సమయం ఖర్చు కూడా రైతు మీదే పడుతుంది.

పని సామర్థ్యం లెక్క

పనిముట్టు వెడల్పును మీటర్లలో, వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని, రెండింటినీ గుణించి 10తో భాగిస్తే గంటకు ఎన్ని హెక్టార్లు సాగుతుందో తెలుస్తుంది. 2 మీటర్ల రోటవేటరు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే గంటకు ఒక హెక్టారు. ఇది కాగితం మీది లెక్క. 100 మీటర్ల చదరపు పొలంలో 50 సాళ్లు, 49 మలుపులు ఉంటాయి. మలుపుకు అర నిమిషం చొప్పున వేసుకుంటే 24 నిమిషాలకు పైగా అదనం. అదే హెక్టారు 200 × 50 మీటర్ల దీర్ఘచతురస్రమై, దున్నకం పొడవునా సాగితే 24 మలుపులతో, 12 నిమిషాల అదనంతో సరిపోతుంది. ఆ భూమి 20 × 50 మీటర్ల పది మడులుగా ఉంటే మలుపులు 90కి చేరతాయి. గట్లు దాటే సమయం వీటికి అదనం.

ఆకారం, వారసత్వ పంపకాలు

త్రికోణం పొలంలో సాలు పోనుపోను పొట్టిదవుతుంది. మూలల్లో దున్నిన చోటే మళ్లీ దున్నాల్సి రావడమో, కొంత నేల మిగిలిపోవడమో జరుగుతుంది. చెరువు కింది ఆయకట్టులో మడులు వాలును అనుసరించి వంకరగా, మెట్లు మెట్లుగా దిగుతాయి. అన్నదమ్ముల పంపకాల్లో ప్రతి వాటాకూ కాలువ, బాట అందాలని పొలాన్ని నిలువునా చీలుస్తారు. అలా ఏర్పడిన పొడవాటి పేలికల్లో మలుపులు తక్కువే. కానీ 10 మీటర్ల పేలికలో 4 మీటర్ల కోత యంత్రం రెండు సాళ్లు నడిస్తే ఇంకా 2 మీటర్లు మిగులుతుంది, దానికోసం మూడో సాలు తప్పదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1.00 హెక్టారు, పంజాబ్‌లో 3.62 హెక్టార్లు. ఆ ఒక్క కమతమూ రెండు మూడు చోట్ల ఉంటే యంత్రాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి తిప్పే సమయం కూడా కలుస్తుంది.

గట్లు, బాటలు

గట్టును యంత్రం నిటారుగా ఎదురెక్కి దాటాలి. ఏటవాలుగా ఎక్కితే పక్కకు బోల్తా పడే ప్రమాదం ఉంది. పుంత రోడ్డుకు, డొంకకు దూరంగా లోపల ఉన్న పొలానికి ముందు పొలం కోత అయ్యేదాకా దారి దొరకదు. అందువల్ల ఒకే చేలో రైతులు ఒకే కాలపరిమితి రకం వేసి, కోతలు వరుసగా పెట్టుకోవడం అందరికీ కలిసొస్తుంది. దమ్ముకు వాడే ఇనుప కేజ్ వీల్స్‌తో ట్రాక్టరు తారురోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది. అలాంటి దారిలో వెళ్లాలంటే చక్రాలు మార్చుకోవాలి. నేల పచ్చిగా ఉన్నప్పుడు కోతకు చైన్ హార్వెస్టరే నయం. దాని బరువు విశాలంగా పరుచుకోవడంతో నేలలో తక్కువగా దిగుతుంది.

వాలు, చదును, వరుసలు

వరి నాటు యంత్రానికి పలచని నీరు, సమమైన మడి కావాలి. పల్లంలో నారు మునుగుతుంది, మెరకలో కలుపు పెరుగుతుంది. లేజర్ లెవెలరుతో చదును చేస్తే పక్కపక్క మడులను కలిపి గట్లు తగ్గించవచ్చు. అయితే మట్టిని లోతుగా కోస్తే సారవంతమైన పైపొర పోతుంది. వాలు భూముల్లో నేల కోతను ఆపడానికి సాళ్లు వాలుకు అడ్డంగా ఉండాలి. వాలు మరీ ఎక్కువైతే అలా అడ్డంగా నడిపే ట్రాక్టరు బోల్తా పడవచ్చు. తోటల్లో మొక్కల ఎడం ముందే నిర్ణయమైపోతుంది. ఆయిల్‌పామ్‌ను 9 మీటర్ల త్రికోణ పద్ధతిలో నాటితే హెక్టారుకు 143 మొక్కలు పడతాయి, వరుసల మధ్య సుమారు 7.8 మీటర్ల దారి మిగులుతుంది.

భూముల పునర్వ్యవస్థీకరణ

జపాన్ 1899లో సాగుభూముల సవరణ చట్టం తెచ్చింది. 1949 భూమి అభివృద్ధి చట్టం కింద సాగిన పనుల్లో, 1960ల నుంచి 100 × 30 మీటర్ల మడి ప్రమాణమైంది. అంటే సుమారు 74 సెంట్లు. ప్రతి మడికీ బాట, నీటి కాలువ, మురుగు కాలువ విడివిడిగా అందేలా ఏర్పాటు చేశారు. పంజాబ్‌లో 1948 చట్టంతో చెల్లాచెదురు కమతాలను ఏకం చేసి, 220 × 198 అడుగుల ఎకరం ముక్కలుగా కొలిచారు. వీటిని కిల్లాలంటారు. తెలుగు ప్రాంతాల్లో ఆ స్థాయిలో ఏకీకరణ జరగలేదు.

పరిమితులు

అమరికను యంత్రానికే అనుకూలంగా మారిస్తే వేరే నష్టాలు వస్తాయి. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో కమతాల ఏకీకరణ సమయంలో పొలాల చుట్టూ ఉన్న పొదల కంచెలు పెద్ద ఎత్తున తొలగించారు. దాంతో వాన నీటిని ఆపే అడ్డు తగ్గి నేల కోత పెరిగింది, పక్షులకు నెలవులు పోయాయి. గట్టు మీది తాటిచెట్టు, వేపచెట్టు యంత్రానికి అడ్డే అయినా, వాటికీ వాటి ఉపయోగం ఉంది. అమరికను మార్చలేని చోట యంత్రాన్నే మార్చుకోవాలి. పవర్ టిల్లరు, నడిచి నడిపే నాటు యంత్రం చిన్న మడుల్లో పెద్ద ట్రాక్టరు కంటే సులువుగా తిరుగుతాయి.