నిమ్మకొమ్మ, కత్తి, లేపనము

నెల్లూరు సీమలో గూడూరు, పొదలకూరు, సైదాపురము, వెంకటగిరి ప్రాంతములయందు వేసవికాపు కోత తగ్గి, పెద్దవానలు ఇంకను పట్టని దినములలో, తోటవారు కాయబుట్టలను ప్రక్కనబెట్టి కొడవలియు, కత్తెరయు, చిన్న చేతిరంపమును తీసికొని నిమ్మచెట్ల నీడలోనికి దూరుదురు. ముండ్లు గీరుకొనకుండ ఎడమచేతికి గోనెపట్ట చుట్టుకొన్న అనుభవశాలియగు రైతు, ఎండిన రెమ్మను పట్టుకొని, ఎండు ఎచ్చట ఆగి పచ్చి ఎచ్చట మొదలైనదో బెరడును గోటితో గీచి చూచుకొని, ఆ హద్దునకు రెండంగుళములు దిగువగా పచ్చికొమ్మమీదనే కోయును. కోసిన మొగమున గోధుమరంగు చార యేమాత్రము కనబడినను మరియొక అంగుళము దిగి మరల కోయును. తెల్లని కొయ్య కనబడినగాని ఆ కొమ్మను విడువడు. చూచుటకు స్వల్పమైన ఈ పనికి మన దేశమున పదునాలుగు శతాబ్దములకు తక్కువకాని లిఖితచరిత్ర కలదు.

క్రీస్తుశకము 6వ శతాబ్దిలో అవంతీదేశమున వెలసిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గ్రహచారమును, వర్షలక్షణములను, వాస్తువును వివరించుచు, వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకముగా ఒక యధ్యాయము నొసగెను. శీతముచేతను, గాలిచేతను, ఎండచేతను చెట్లకు రోగము పుట్టుననియు, ఆకులు పాలిపోవుట, చిగుళ్ళు పెరుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట దాని చిహ్నములనియు ఆయన చెప్పెను. నిమ్మతోట గలవాడెవ్వడైనను ఈ లక్షణములను చదివినంతనే తన చెట్లను తలచుకొనక మానడు. కొనలనుండి క్రిందికి దిగు ఎండుతెగులును, కాండమునుండి జిగురు స్రవించు బంకతెగులును ఇంతకంటె క్లుప్తముగా వర్ణించుట కష్టము. చికిత్స మరింత గమనింపదగినది. మొదట శస్త్రముతో చెడినభాగమును శుభ్రపఱుపవలెను. పిమ్మట వాయువిడంగములను, నేతిని, బురదను కలిపి పూయవలెను. అటుపైన పాలు కలిపిన నీటితో తడుపవలెను. వైద్యుడు పుండును కడిగి, కట్టుకట్టి, పథ్యము చెప్పినట్లే, ఇందు ముందు కత్తియు, వెంటనే లేపనమును, తరువాత పోషణమును క్రమముగా వచ్చినవి. లేపనద్రవ్యములు నేటివి వేరు. క్రమము మాత్రము అక్షరాల అదియే.

ఆ అధ్యాయముననే చెట్టునకును చెట్టునకును నడుమ 20 మూరల ఎడము ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కంటె తగ్గరాదనియు కలదు. దగ్గరగా నాటిన చెట్లు ఒండొంటిని తాకుచు, వేళ్ళు పెనవైచుకొని, సరిగా ఫలింపవని కారణమును సైతము ఆయన చూపెను. నేడు నిమ్మకు చెప్పెడి 20 అడుగుల ఎడము ఆ 12 మూరలకును 16 మూరలకును నడుమ పడుచున్నది. కొమ్మనాటి పెంచదగిన చెట్లలో బీజపూరమును, అనగా మాదీఫలమును, ఆయన పేర్కొని, కొమ్మకు పేడపూసి నాటుమనెను. మన నిమ్మకు మాదీఫలము జనకస్థానమందున్నదని ఇటీవలి జన్యుపరిశోధనలు తేల్చినవి గనుక, ఆ వాక్యము మన తోటలకు అన్యమైనది కాదు.

తరువాతి కాలమున, సుమారు 1000వ సంవత్సర ప్రాంతమున, సురపాలుడు వృక్షాయుర్వేదమను పేరనే ప్రత్యేకగ్రంథమును రచించి, మానవదేహమునకువలెనే వృక్షమునకును వాత పిత్త కఫ దోషములను ఆరోపించి చికిత్సలు చెప్పెను. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియను గ్రంథాలయమున నిలిచియుండగా, 1996లో సికింద్రాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ దానిని నళినీ సాధలే ఆంగ్లానువాదముతో ప్రకటించినది. ఆ గ్రంథము తెలుగునాటినుండి వెలికివచ్చుట మనకు సంతోషింపదగిన విషయము.

నిమ్మచెట్టున కత్తికి ఎక్కువ పని కల్పించునది గజ్జితెగులు. ఆకుమీదను, రెమ్మమీదను, కాయమీదను గరుకైన పొక్కులుగా లేచి, కాయధరను సంతలో దింపు ఈ వ్యాధి మన దేశమున చిరకాలముగా నున్నదనుటకు దృఢమైన సాక్ష్యము కలదు: 1827-1831 సంవత్సరముల నడుమ ఇక్కడ సేకరించి ఎండబెట్టి ఇంగ్లాండులో భద్రపఱచిన మాదీఫలపు ఆకులమీద పరిశోధకులు ఆ పొక్కులను గుర్తించిరి. దానికి కారణము బాక్టీరియా యని 1915లో క్లారా హాస్సే అను అమెరికా శాస్త్రవేత్త నిరూపించెను. ఫ్లోరిడాలో 1910 దశకమున ఈ తెగులు దిగుమతి మొక్కలతో ప్రవేశింపగా, అచ్చటివారు రెమ్మలు కోయుటతో తృప్తినొందక, లక్షలకొలది మొక్కలను, కాపుచెట్లను నిలువునా తగులబెట్టి, 1933 నాటికి దానిని నిర్మూలించితిమనిరి. ఆ విజయము శాశ్వతము కాలేదు. తెగులు మరల వచ్చినది, మరల చెట్లు నరికిరి, తుదకు 2006లో నిర్మూలన ప్రయత్నమునే విడిచిరి. వ్యాధి చిరకాలముగా పాతుకొనియున్న మన సీమలో అట్టి పద్ధతి ఎన్నడును పొసగదు. తెగులు రెమ్మను వానలకుముందే తీసి కాల్చి, గాయమును మూయుటయే మనకు దారి.

ఆ మూతకై పూర్వము పేడయు ఎఱ్ఱమన్నును వాడుచుండిరి. నేటికిని వాడువారు కలరు. దాని స్థానమున మైలుతుత్తము వచ్చిన వృత్తాంతము ద్రాక్షతోటలకు సంబంధించినది. ఫ్రాన్సుదేశమున బోర్డో పట్టణమందు వృక్షశాస్త్రాచార్యుడైన మిలార్డే 1882లో సెయింట్ జూలియన్ తోటలను దాటిపోవుచు, బాటప్రక్క తీగెలు మాత్రమే ఆకు రాలక పచ్చగా నుండుట చూచెను. దొంగలు పండ్లు కోయకుండుటకై వానిపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లిరని విచారణలో తెలిసినది. ఆయన ప్రయోగములు చేసి 1885లో ప్రకటించిన మిశ్రమము, చిక్కగా కలిపినపుడు, మన రైతు చేతిలోని బోర్డోపేస్టు అయినది. కిలో మైలుతుత్తమును, కిలో సున్నమును వేఱువేఱు మట్టి లేక ప్లాస్టికు పాత్రలలో కరగించి మొత్తము పది లీటర్ల నీటికి సరిపెట్టుదురు, ఇనుపపాత్ర పనికిరాదు. మెఱుగుపెట్టిన కత్తిని అందు ముంచి తీసినపుడు ఎఱ్ఱని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని గ్రహించి మరికొంత కలుపుదురు.

మదరాసు రాష్ట్రకాలమున కడప మండలమందలి కోడూరులో ఫలపరిశోధన క్షేత్రము వెలసి, కె. సి. నాయక్ 1949లో దక్షిణభారత ఫలములనుగూర్చి ప్రామాణికగ్రంథము వెలువరించిన పిదప, నిమ్మజాతి చెట్ల పెంపకమునకు మన భాగమున శాస్త్రీయమైన పునాది పడినది. తిరుపతి పరిశోధనస్థానము గజ్జితెగులును కొంత ఓర్చుకొను బాలాజీ రకమును, వెంకటగిరి చెంతనున్న పెట్లూరు స్థానము తన యెంపిక రకమును రైతులకిచ్చినవి. ఇంత జరిగినను కత్తిరింపు విషయమున ఒక పొరపాటు అభిప్రాయము వ్యాపించుచున్నదని నా దృఢవిశ్వాసము. శీతలదేశపు ఆపిలు చెట్టును, ద్రాక్షతీగను తెగగోసినట్లు నిమ్మను గోసిన అధికముగా కాయునని కొందరు తలంతురు. ఆకురాలు చెట్టు తన ఆహారమును వేళ్ళలోను కాండములోను దాచుకొని చలికాలము నిద్రించును. నిమ్మ నిత్యహరితము, దాని ధనమంతయు ఆకులలోను సన్నకొమ్మలలోను ఉండును. దానిని తెగగోసిన యెడల కాపు తగ్గుటయే కాక, నీడ కోల్పోయిన కాండపు బెరడు మన మండుటెండకు పగులును. ఆ పగులే తెగుళ్ళకు ద్వారమగును. పెరుగు వయసున నేలనుండి రెండడుగులవరకు పుట్టు చిగుళ్ళను గిల్లి, నాలుగైదు కొమ్మలను నలుదిక్కులకు పోనిచ్చుట, పిదప ఎండుపుల్లను, తెగులురెమ్మను, నేల తాకు కొమ్మను, పెద్దముండ్లతో, కోణాకారపు కాండముతో నిటారుగా లేచు నీటికొమ్మను తీసివేయుట, ఇంతకుమించి ఆరోగ్యముగానున్న చెట్టునకు అవసరము లేదు.

కనుక నిమ్మరైతు సోదరులకు నా మనవి: ఈ యేడు పెద్దవానలు పట్టకముందే ఎండుపుల్లలు తీయించుడు, చెట్టు మారినప్పుడెల్ల కత్తిని స్పిరిటుతో తుడువుడు, కోసిన రెమ్మలను గట్టున కుప్పవేయక తోటవెలుపల కాల్చివేయుడు, కత్తిరింపు ముగిసిన నాడే, మఱునాటికి వాయిదా వేయక, ప్రతి గాయమునకును బోర్డోపేస్టు పూయించుడు.