మన చేతిలోని తెలుగు బైబిలు

ఇంట చదువుకొనుటకు ఏ తర్జుమా తీసుకొనవలెనని యువజనులు అడుగుచుందురు. పాత తర్జుమా తప్ప మరొకటి ముట్టరాదని కొందరు పెద్దలందురు. ఈ విషయములో తెలుగు బైబిలు చరిత్ర మనకు దారి చూపును.

18వ శతాబ్దములో బెంజమిన్ షుల్జ్ అను జర్మన్ మిషనరీ లేఖనములను తెనిగించెను గాని, అవి ముద్రణకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్నము చేరిన లండన్ మిషన్‌వారగు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి, ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో తర్జుమాకు పూనుకొనిరి. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజి గతించిరి. వారు తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. ఎడ్వర్డు ప్రిచ్చెట్టు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడెను. తరువాతి తరములో విశాఖపట్నమునందే జాన్ హే మొదలగువారు తర్జుమాను మరల సరిచూచిరి.

తొలి తర్జుమాయే కడపటిదని వీరెవరును తలంపలేదు. కాబట్టి క్రొత్త తర్జుమా చదువుట పితరులకు ద్రోహము కాదు.

ఆరాధనలో విని కంఠస్థము చేసిన పాత తర్జుమాను విడువనక్కరలేదు. అయితే "భూమ్యాకాశములు" వంటి సమాసము విడదీయలేని బాలునికి, ఇటీవలే అక్షరములు నేర్చిన తల్లికి వాడుక భాషలోని తర్జుమా ఇయ్యవలెను. కొనునప్పుడు ముందుమాట చూడుడి: మూలభాషలనుండి పండితులు కూడి చేసినదా, ఒక్కరి స్వేచ్ఛానువాదమా తెలియును. వీలైనవారు రెండు తర్జుమాలు ప్రక్కప్రక్కన ఉంచి చదువుడి. అర్థము వేరుపడినచోట మీ కాపరిని అడుగుడి.

అర్థమగు గ్రంథమునే మనము ప్రతిదినము తెరచెదము. ఆ ఇద్దరు మిషనరీలు తుదివరకు శ్రమపడినది అందుకొరకే.