ఒంట్లో కరిగే కాంతి పోగు: దసలి పట్టు పనికొస్తుందా?

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు గుర్తొస్తుంది. ఊరు దాటి సరాయికేలా–ఖర్సావాన్ జిల్లాలోకి వెళితే మద్దిచెట్ల మీద పెరిగే పట్టుపురుగులు కనిపిస్తాయి. కుచాయి పట్టుకు పేరు తెచ్చింది అవే. మన మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో పెంచే దసలి పురుగుదీ అదే జాతి. అక్కడ ఎక్కువగా పెంచే రకం పేరు దాబా, మన రకం పేరు ఆంధ్రా లోకల్. శరీరం లోపలికి కాంతిని మోసుకెళ్లి, పని అయ్యాక ఒంట్లోనే కరిగిపోయే పోగును ఈ పట్టుతో చేయవచ్చా? చేయవచ్చని చెప్పడానికి కొన్ని ఆధారాలున్నాయి. అయితే చిక్కంతా కాంతిని పంపడంలో కన్నా పోగు కరిగే తీరులోనే ఉందని నా అంచనా.

ముందు అవసరం సంగతి. కండలోకి వెలుగు కొన్ని మిల్లీమీటర్లకు మించి సరిగా దిగదు. కాంతితో మందును ఉత్తేజపరిచి కణితిని చంపే చికిత్సకు ఇదే పెద్ద అడ్డంకి. గాజు ఫైబర్‌ను లోపలికి దించవచ్చు గానీ, చికిత్స రోజుల తరబడి సాగితే దాన్ని ఉంచనూ కష్టం, తీయనూ కష్టం. విరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది. 2016లో హార్వర్డ్ బృందం కరిగే పాలిమర్‌తో కాంతి మార్గాలు చేసి, కాంతి తగిలితే గాయాన్ని అతికించే రోజ్ బెంగాల్ రంగు పూసిన పంది చర్మపు గాయంలో ఉంచి, ఆకుపచ్చ కాంతి పంపింది. 10 మిల్లీమీటర్లకు పైబడిన లోతులో కూడా గాయం అంచులు అతుక్కున్నాయి. అయితే అది కోసి తెచ్చిన చర్మం, బతికున్న జంతువు కాదు. 2018లో చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయం వారు పాలీలాక్టిక్ ఆమ్లంతో తీసిన పోగులను బతికున్న ఎలుకల మెదడులో వాడారు. మనుషుల దాకా రావడం వేరే మాట.

పట్టు విషయంలో తొలి గట్టి ఆధారం 2009లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పట్టు ద్రావణాన్ని సన్నని సూది మొన నుంచి గీతలా గీసి, ఆ గీత గుండా కాంతి పంపారు. తిన్నని గీతలో నష్టం సెంటీమీటరుకు 0.25 డెసిబెల్, వంకర గీతలో 0.81. ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. సెంటీమీటరుకు 0.25 అంటే 10 సెంటీమీటర్ల చివర సగానికి కాస్త ఎక్కువ వెలుగు మిగులుతుంది. 0.81 అయితే ఆరో వంతుకు మించదు. టెలిఫోన్ గాజు ఫైబర్‌లో వెలుగు సగం కావడానికి సుమారు 15 కిలోమీటర్లు పడుతుంది. అంతమాత్రాన పట్టును పనికిరాదని కొట్టేయనక్కర్లేదు. చర్మం నుంచి కణితి దాకా అయిదారు సెంటీమీటర్లు చాలినప్పుడు ఈ నష్టాన్ని భరించవచ్చు. పట్టు వక్రీభవన గుణకం సుమారు 1.54, నీటిది 1.33. తడి కండ మధ్య ఉన్నా కాంతి పోగులోనే నిలవడానికి ఈ తేడా సాయపడుతుంది.

ఇవి మల్బరీ పట్టు ఫలితాలు. వీటిని దసలికి ఎత్తి రాయలేం. మల్బరీ గూళ్లను సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీసి, గాఢమైన లిథియం బ్రోమైడ్‌లో వేస్తే కరుగుతాయి. దసలి పట్టు ప్రోటీన్‌లో అలనైన్ అనే అమైనో ఆమ్లపు వరసలు గట్టిగా పేరుకుని ఉంటాయి గనుక అదే ద్రావణానికి సులభంగా లొంగదు. అందుకే ప్రయోగశాలల్లో చాలాచోట్ల గూడు కట్టబోయే పురుగు పట్టు గ్రంథిని కోసి, అందులోని ద్రవాన్ని తీశారు. పరిశోధనకు సరే, కుచాయి రైతు అమ్మేది గూడు, గ్రంథి కాదు. దసలికి ఒక మేలూ ఉంది: కణాలు పట్టుకుని నిలిచే అమైనో ఆమ్లాల వరస దాని ప్రోటీన్‌లోనే ఉంది, మల్బరీలో లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో దసలి మీద ఏళ్ల తరబడి పని జరగడానికి ఇదొక కారణం. అయితే కణాలు అతుక్కునే గుణం పుండు మాన్పే పొరకు వరమే గానీ, కాంతి పోగుకు వరమో కాదో పరీక్షించి తేల్చాలి. పోగు మీద కణాలు పేరుకుంటే కాంతి పక్కకు చెదిరే వీలుంది.

ఇక కరగడం. ఆపరేషన్ థియేటర్లో వాడే పట్టు దారాన్ని వైద్య ప్రమాణాలు 'కరగని' దారాల్లోనే లెక్కిస్తాయి, ఎందుకంటే దాని బిగువు 60 రోజులు దాటి నిలుస్తుంది. అదే పట్టును వేరే విధంగా ఆరబెట్టి పొర చేస్తే చాలా త్వరగా పోతుంది. అంటే గడువును నిర్ణయించేది తయారీ. పైగా ఇక్కడ గడువులు రెండు. ఉపరితలం గరుకుగా మారగానే వెలుగు నష్టం పెరుగుతుంది. పోగు పూర్తిగా మాయం కావడం ఆ తర్వాత ఎప్పుడో. ఈ రెండింటి మధ్య ఒంట్లో ఉండేది పనికిరాని, సగం కరిగిన ముక్క. దానివల్ల ఏం జరుగుతుందన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. గుండె రక్తనాళాల్లో వాడిన అబాట్ కంపెనీ 'అబ్జార్బ్' కరిగే స్టెంట్ ఇందుకు హెచ్చరిక. 2016లో అమెరికాలో అనుమతి పొందింది. అంతకుముందే మొదలైన పరీక్షలో, మూడేళ్ల గమనింపులో దాన్ని అమర్చినవారిలో 2.3 శాతం మందికి అందులో రక్తం గడ్డకట్టింది. లోహపు స్టెంట్ వారిలో అది 0.7 శాతం. 2017లో అమ్మకం ఆపేశారు. గిరాకీ లేదన్నది కంపెనీ చెప్పిన కారణం. స్టెంటూ కాంతి పోగూ ఒకటి కావు, నిజమే. కానీ కరిగేది గనుక ప్రమాదం లేదనే ఊహకు ఆధారం లేదని ఇది చూపిస్తుంది. మన 2017 వైద్య పరికరాల నిబంధనలు ఒంట్లో కలిసిపోయే ఇంప్లాంట్లను అత్యధిక ప్రమాదపు 'డి' తరగతిలో పెట్టింది ఊరికే కాదు.

జంషెడ్‌పూర్ చేయగలిగింది ఇక్కడే ఉంది. ఆ ఊళ్లో 1950లో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధన ప్రయోగశాలకు, ద్రవంలో పదార్థం ఎంత వేగంగా తరుగుతుందో కొలవడం పాత విద్య. టాటా స్టీల్ కూడా హైడ్రాక్సీ అపటైట్, కొలాజెన్ వంటి వైద్య పదార్థాల వైపు అడుగేసింది. అయితే లోహం తుప్పు పట్టడం వేరు, ఒంట్లోని ఎంజైములు ప్రోటీన్‌ను కొరకడం వేరు. కొలత పద్ధతిని తిరగరాయాల్సిందే. మొదట కావలసింది జంతు పరీక్ష కాదు. దాబా, ఆంధ్రా లోకల్, మల్బరీ పోగులను ఒకే మందంలో తీసి, 37 డిగ్రీల ఉప్పు ద్రావణంలో ఎంజైముతో కలిపి ఉంచాలి. వారం వారం బరువుతో పాటు కాంతి నష్టాన్నీ అదే పోగు మీద కొలవాలి. బరువు ఒక్కటే కొలిస్తే మొదటి గడువు ఎప్పుడు దాటిందో తెలియదు.